నీటి పిల్లికి దారి ఎక్కడ తెగింది? కోనసీమ గట్ల మీద ప్రాజెక్టు డైరీ

కార్తీకం

కోరంగి మడ అడవిలో నీటి పిల్లులు (ఇంగ్లీషులో ఫిషింగ్ క్యాట్, నీళ్లలో చేపలు పట్టే అడవి పిల్లి జాతి) ఉన్న సంగతి ఇప్పుడు బడి పిల్లలకు కూడా తెలుసు. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఆ 235.7 చదరపు కిలోమీటర్లలో సర్వేలు జరిగాయి, ఫొటోలు పేపర్లలో వచ్చాయి. గౌతమి దాటి ఇటు వస్తే సంగతి వేరు. కాట్రేనికోన, ఉప్పలగుప్తం, అల్లవరం మీదుగా అంతర్వేది దాకా రొయ్యల చెరువులు, కొబ్బరి తోటలు, వరి చేలు, వాటి మధ్యలోంచి సముద్రానికి పోయే డ్రెయిన్లు. ఇక్కడా నీటి పిల్లి ఉంది. చెరువు కాపలా వాళ్లు చూస్తూనే ఉన్నారు. అప్పుడప్పుడు తెల్లారేసరికి రోడ్డు మీద చచ్చి పడి ఉంటోంది. అయితే ఏ గట్టు మీద ఉంది, ఏ గట్టు మీద ఒకప్పుడు ఉండి ఇప్పుడు లేదు, ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఎటుగా వెళ్తోంది? ఊరు ఊరుగా గీసిన మ్యాపు నాకు కావాలి. అది మేమే గీద్దామని మొదలుపెట్టాం.

మేమంటే డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పే నేను, నా దగ్గర చదువుకున్న ఇద్దరు కుర్రాళ్లు, ఒకప్పుడు చేపల వేటకు వెళ్లి ఇప్పుడు చెరువుల దగ్గర రాత్రి కాపలా ఉంటున్న ఒక బాబాయ్. ఆయన లేకపోతే ఈ పని లేదు.

"ఎన్ని ఉన్నాయి?" అన్న ప్రశ్నను కావాలనే రెండో వరసలో పెట్టాను. ఒక జాతి తగ్గిపోతోందని సంఖ్యల్లో తెలిసేసరికి చాలా జరిగిపోయి ఉంటుంది. దానికంటే ముందు తెగేది దారి. 1969లో రిచర్డ్ లెవిన్స్ అనే శాస్త్రవేత్త పంట పురుగుల అదుపు గురించి ఆలోచిస్తూ ఒక చిన్న లెక్క రాశాడు. ముక్కలు ముక్కలుగా ఉన్న చోట్ల బతికే జీవుల్లో ఏ ముక్కలోని గుంపైనా ఎప్పుడో ఒకప్పుడు పోతుంది. తుపానుకో, జబ్బుకో, కేవలం దురదృష్టానికో పోతుంది. పక్క ముక్క నుంచి నాలుగు జీవాలు వచ్చి మళ్లీ నిలదొక్కుకుంటేనే మొత్తం మీద జాతి నిలుస్తుంది. రాకపోకలు ఆగితే ఖాళీ అయిన ముక్క ఖాళీగానే ఉండిపోతుంది. పురుగుల కోసం రాసిన ఆ లెక్క మన డెల్టాలోని పిల్లికీ, నీటికుక్కకీ (ఆటర్) అంతే సరిపోతుందని నా నమ్మకం. ఇక్కడ ఆ రాకపోకలకు ఉన్న దారులు డ్రెయిన్ గట్లే.

డిసెంబరు

మొదట మ్యాపు మీద చదరాలు గీద్దామనుకున్నాం. అడవుల్లో అలాగే చేస్తారు. ఇక్కడ ఒక చదరంలో సగం పైన చెరువు నీళ్లే ఉంటాయి, మిగతాది చేను. జంతువు నడిచేది మాత్రం ఆ మధ్యలో ఉన్న సన్నటి గట్టు మీద. అందుకని చదరాలు వదిలేసి గట్టునే కిలోమీటరు చొప్పున ముక్కలు చేశాం. ఒక్కో ముక్కకు నోట్‌బుక్కులో ఒక్కో పేజీ. గట్టు మీద ఏం మొలిచింది (జమ్ము, తుంగ, మడ, తిల్ల, సర్కారు తుమ్మ, లేదా ఏమీ లేదు), అటూ ఇటూ చెరువులా చేలా, కంచె ఉందా, రాత్రి లైట్లున్నాయా, కుక్కలున్నాయా, పోటుకు ఉప్పునీరు ఎంతవరకు ఎక్కుతోంది, ఇవన్నీ అందులో రాస్తున్నాం.

జాడలు చదవడం చలికాలంలో సుఖం. పాటు తీసిన (పోటు నీరు వెనక్కి తగ్గిన) కాసేపటికి గట్టు అంచున బురద మెత్తగా, నున్నగా ఉంటుంది. తెల్లవారుజామున ఎండ రాకముందే వెళ్తే రాత్రి జరిగిందంతా అందులో కనిపిస్తుంది. నక్క అడుగు వెడల్పు కంటే పొడవు ఎక్కువ, గోళ్ల గుర్తులు స్పష్టంగా దిగుతాయి. నీటికుక్కకు అయిదు వేళ్లూ పడతాయి, మధ్యలో చర్మం గుర్తు కూడా కనిపిస్తుంది. పిల్లి అడుగు గుండ్రంగా, నాలుగు వేళ్లతో, గోళ్లు లేకుండా ఉంటుందని పుస్తకాల్లో చదువుకుంటాం. నీటి పిల్లి దగ్గర ఆ సూత్రం పూర్తిగా పనిచెయ్యదు. దాని గోళ్లు తొడుగులోకి పూర్తిగా ముడుచుకోవు కాబట్టి, జారే బురదలో గోటి మొనలు దిగుతాయి. చూడగానే ఇది కుక్కపిల్ల అని కొట్టిపారేసే ప్రమాదం ఉంది. కుర్రాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: ఒక అడుగు చూసి పేరు పెట్టొద్దు, వరస చూడండి. నీళ్ల అంచుకు వచ్చి, అక్కడ ఆగి, నీళ్లలోకి దిగి, కొంత దూరంలో మళ్లీ ఎక్కిన వరస దొరికితే అప్పుడు ఆలోచిద్దాం. అడవి పిల్లి అడుగు కూడా ఇంచుమించు ఇలాగే ఉంటుంది కాబట్టి, అంత చూశాక కూడా పేజీలో "పిల్లి, బహుశా నీటి పిల్లి" అనే రాస్తున్నాం.

రెట్టలు ఇంకా మంచి సాక్ష్యం. నీటికుక్కలు గుంపుగా వచ్చి ఒకేచోట మళ్లీ మళ్లీ వేస్తాయి. చేప పొలుసులు, పీత పెంకులు, దూరం నుంచే తెలిసే నీచు వాసన. పిల్లి పెంటలో పొలుసులతో పాటు ఎలుక వెంట్రుకలు, పిట్ట ఈకలు కూడా ఉంటాయి. ఆ ఎలుక వెంట్రుకల సంగతి వరి రైతులకు తప్పకుండా చెప్పాలి. చేనుకు అది చేస్తున్న మేలు ఎవరి లెక్కలోకీ రావడం లేదు.

కాపలా వాళ్లతో మాట్లాడేటప్పుడు పేరు అడగడం మానేసి ఫొటోలు చూపిస్తున్నాం. ఒక చోట బాబాయ్ ముందుకు వచ్చి తనే చెప్పాడు: "ఆయ్, ఇదేనండి మాస్టారూ. నక్కయితే చెరువులోకి దూకదు కదండీ. ఇది గట్టు మీద కూర్చుని నీళ్లలోకి చూస్తా ఉంటాదండి, ఒక్కసారిగా పడతాదండి." పుస్తకంలో పేరాగ్రాఫు పట్టే ప్రవర్తన అంతా ఆ రెండు ముక్కల్లోనే ఉంది.

సంక్రాంతి తరవాత

కెమెరాలు పెట్టడం మొదలైంది. అభయారణ్యంలో, రిజర్వు ఫారెస్టులో అటవీ శాఖ అనుమతి లేకుండా పెట్టకూడదు. మేము పట్టా భూముల గట్ల మీదే, యజమాని ఒప్పుకున్న చోటే పెడుతున్నాం. నీటి పిల్లి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది, అంటే పులికి ఉన్న రక్షణే దీనికీ ఉంది. ఆ మాట వినగానే కొందరు యజమానులు టెన్షన్ పడ్డారు. చెరువు దగ్గర ఆ పిల్లి ఉన్నట్టు తేలితే చెరువు మూయిస్తారేమోనని వాళ్ల భయం. మేము ఫిర్యాదులు రాసేవాళ్లం కాదనీ, ఊరి పేరు తప్ప సర్వే నంబరు ఎక్కడా బయట పెట్టమనీ చెప్పాక ఒప్పుకున్నారు.

ఈ పని మొదలుపెట్టాలనుకునే వాళ్ల కోసం కొంచెం వివరంగా రాస్తాను. కెమెరా మోకాలి ఎత్తుకు మించకూడదు. మడ చెట్టు మొదలుకు కట్టేటప్పుడు బోదె మీద బురద చార ఎంతవరకు ఉందో చూడాలి. అమావాస్య, పౌర్ణమి పోట్లకు నీళ్లు అక్కడిదాకా వస్తాయన్న మాట, దానికి పైనే కట్టాలి. ఉత్తరానికి తిప్పితే ఎండ నేరుగా పడదు. ముందు ఒక్క గడ్డిపోచ ఊగినా రాత్రంతా గాలి ఫొటోలే వస్తాయి. ఉప్పు గాలికి బ్యాటరీ కొసలు ఆకుపచ్చగా చిలుము పడతాయి కాబట్టి, రబ్బరు సీలుకు గ్రీజు రాసి లోపల తేమ పీల్చే సిలికా ప్యాకెట్లు పెట్టాలి.

దానికంటే ముఖ్యం, కెమెరా దేన్ని చూడలేదో తెలిసి ఉండడం. ఈ కెమెరాలు కదిలే వేడిని పసిగట్టి ఫొటో తీస్తాయి. చుట్టూ ఉన్న గాలీ నేలా జంతువు ఒంటి వేడికి దగ్గరగా ఉంటే తేడా తెలియక ఊరుకుంటాయి. ఇప్పుడే నీళ్లలోంచి లేచిన నీటికుక్క ఒళ్లు పైన చల్లగా ఉంటుంది, దట్టమైన బొచ్చు లోపలి వేడిని బయటికి రానివ్వదు. ఎదురుగా గుంపు నడిచిపోయినా ఒక్క ఫొటో రాకపోవచ్చు. అందుకే నీటికుక్కల విషయంలో కెమెరా కంటే రెట్టల గుట్టనే ఎక్కువ నమ్ముతున్నాం.

నీటి పిల్లి ఒంటి మీద మచ్చల వరస ఏ రెండింటికీ ఒకలా ఉండదు. కుడి పక్క ఒక రకం, ఎడమ పక్క ఇంకో రకం. ఒకే కెమెరా పెడితే ఒక రాత్రి కుడి పక్క, ఇంకో రాత్రి ఎడమ పక్క పడుతుంది. అది ఒక పిల్లో రెండో తేల్చలేం. అందుకని అటొకటి ఇటొకటి, ఫ్లాష్ ఒకదాని కళ్లలో ఒకటి పడకుండా కొంచెం పక్కకు జరిపి పెట్టాలి. మాకున్న కెమెరాలు తక్కువ. జతలు రెండు మూడు చోట్లే, మిగతాచోట్ల ఒంటరివే.

ఈ మచ్చలతోనే సంఖ్య కడతారు. ఉదాహరణకు మొదటి విడతలో ఎనిమిది వేర్వేరు పిల్లులు పడ్డాయనుకోండి. రెండో విడతలో పది పడితే అందులో నాలుగు పాతవే. అంటే ఆ ప్రాంతంలోని మొత్తం పిల్లుల్లో మనం ముందే చూసినవి పదింట నాలుగు వంతులు. ఎనిమిది అనేది అందులో నాలుగు వంతులైతే మొత్తం ఇరవై. అసలు పద్ధతుల్లో ఏ కెమెరా ఎక్కడుంది, ఏ పిల్లి ఎంత దూరం తిరుగుతోంది అన్నవి కూడా కలుపుతారు. 2022లో ఒడిశాలోని చిలికా సరస్సు చుట్టూ 176 నీటి పిల్లులున్నాయని తేల్చింది ఇలాంటి పద్ధతులతోనే, అది కూడా అభయారణ్యాల బయట. ఆ లెక్క నాకు చాలా ధైర్యం ఇచ్చింది. అలాంటి సంఖ్య చెప్పడానికి మా కెమెరాలు చాలవు. కాబట్టి మేము చెప్పం.

మాఘం

"లేదు" అని ఎప్పుడు రాయాలన్నది ఈ నెలంతా మా మధ్య నడిచిన చర్చ. ఒక గట్టు మీద పిల్లి నిజంగా ఉన్నా ఒక్కసారి వెళ్తే దాని జాడ దొరికే అవకాశం నూటికి ముప్పై అనుకుందాం. మూడుసార్లు వెళ్లి మూడుసార్లూ ఏమీ దొరక్కపోయే అవకాశం ఇంకా నూటికి 34 ఉంటుంది. అయిదుసార్లు వెళ్తే అది 17కు దిగుతుంది. అంటే రెండు మూడుసార్లు తిరిగి "ఇక్కడ లేవు" అని మ్యాపులో తెల్లగా వదిలేస్తే, ఆ తెలుపులో పెద్ద వాటా మన అజ్ఞానమే. జంతువులు తగ్గాయి, పెరిగాయి అని చెప్పే వార్తల్లో కొన్ని నిజానికి వెతికిన తీరులోని తేడాలే. అందుకని మ్యాపులో మూడు రంగులు పెట్టాం: జాడ ఉన్నది, చాలినన్నిసార్లు చూసినా జాడ లేనిది, సరిగ్గా చూడనిది. మూడో రంగు చూస్తే చిన్న కుర్రాడికి చిరాకు. నాకైతే ఈ మ్యాపులో అన్నిటికంటే నిజాయితీగా ఉన్నది అదే.

మార్చి

మ్యాపు ఒక రూపానికి వస్తోంది. మడ చెట్లు ఇంకా నిలిచి ఉన్న బలుసుతిప్ప, మగసానితిప్ప వైపు నుంచి డ్రెయిన్ల వెంట లోపలికి జాడలు వస్తున్నాయి. కొంతదూరం వచ్చాక ఒకచోట ఆగిపోతున్నాయి. ఇంకా లోపల, మంచినీటి చేపల చెరువుల దగ్గర, జమ్ము దట్టంగా ఉన్నచోట మళ్లీ కనిపిస్తున్నాయి. ఆ మధ్యలో ఉన్నదే మాకు కావలసిన జవాబు.

మధ్యలో ఉన్నవి వనామి అనే విదేశీ రకం రొయ్యల చెరువులు. 2009లో ఈ రొయ్యకు అనుమతి ఇచ్చినప్పుడు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ పీతల కంచె, పక్షుల కంచె తప్పనిసరి చేసింది. దానికి కారణం ఉంది. రొయ్యల్ని చంపే తెల్లమచ్చ వైరస్‌ను పీతలు మోసుకొస్తాయి. 1990ల మధ్యలో ఆ వైరస్ చేసిన నష్టం మన జిల్లాల్లో అప్పులు తీర్చిన వాళ్లందరికీ గుర్తే. కాబట్టి చెరువు చుట్టూ ప్లాస్టిక్ పట్టా కట్టిన రైతును నేను తప్పు పట్టను. ఆ పట్టా ఎత్తు కూడా పిల్లి దూకలేనంత కాదు. దారి తెగుతున్నది పట్టాతో పాటు వచ్చే మిగతా వాటి వల్ల: గట్టు మొత్తం చెక్కి బోడి చెయ్యడం, జమ్ము కాల్చడం, రాత్రంతా ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే మిషన్లు), లైట్లు, నాలుగైదు కుక్కలు. ఒక పక్క చెరువు ఇలా ఉండి రెండో పక్క గుబురు ఉంటే జాడలు ఆ రెండో పక్కన సాగుతున్నాయి. రెండు పక్కలా బోడిగా ఉన్న గట్లలో, చాలినన్నిసార్లు చూసినవాటిలో, ఇప్పటిదాకా జాడ లేదు.

దీని గురించి బాబాయ్ అన్న మాట నోట్‌బుక్కు అట్ట మీద రాసుకున్నాను: "గట్టు కాల్చిన ఏడు అది రాదండి. జమ్ము లేచిన ఏడు మళ్లీ వస్తాదండి. మనిషి ఉంటే దానికి భయం లేదండి, చాటు లేకపోతేనే భయం."

ఇక్కడ ఒక జాగ్రత్త. లోపలి చేపల చెరువుల దగ్గర పిల్లి తరచుగా కనిపిస్తోంది కాబట్టి అక్కడ అది బాగానే ఉంది అనుకోకూడదు. 1988లో రొనాల్డ్ పుల్లియం అనే అమెరికన్ శాస్త్రవేత్త దీన్ని లెక్కతో చూపించాడు. కొన్ని చోట్ల పుట్టేవాటి కంటే చచ్చేవి ఎక్కువ, అయినా అక్కడ జంతువు ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది. ఎందుకంటే పుట్టుక ఎక్కువగా ఉన్న ఇంకో చోటి నుంచి కొత్తవి వస్తూనే ఉంటాయి. చేపల చెరువు దగ్గర తిండికి లోటు లేదు, కానీ అక్కడే పంది ఉచ్చులున్నాయి, కరెంటు తీగలున్నాయి, కుక్కలున్నాయి, రోడ్డుంది. మడ అడవి వైపు నుంచి దారి తెగిపోతే ఈ లోపలి పిల్లులు కొన్నేళ్లు కనిపించి, ఆ తరవాత ఒక్కొక్కటిగా ఆగిపోతాయి. అప్పుడు ఊళ్లో వాళ్లు "ఈమధ్య కనపడ్డం లేదు" అంటారు. అసలు నష్టం మాత్రం ఎన్నో ఏళ్ల ముందు, ఎక్కడో దూరంగా ఒక గట్టు మీద జరిగిపోయి ఉంటుంది.

అదే నెల, ఇంకో మాట

పిట్టల సంగతి ఇలా కాదు. పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు దగ్గర గూడబాతులు పెద్ద ఎత్తున గూళ్లు పెడుతున్నాయని 1946లో కె.కె. నీలకంఠన్ గుర్తించారు. ఆ గూళ్లు ఆ తరవాతి దశాబ్దాల్లో ఖాళీ అయిపోయాయి. ఇప్పుడు కొల్లేరు అంచున ఆటపాకలో, చెట్లు చాలక మనుషులు నిలబెట్టిన స్టాండ్ల మీద అవే గూడబాతులు పిల్లల్ని పెంచుతున్నాయి. రెక్కలున్న జీవి ఒక చోటు పాడైతే జిల్లాలు దాటి ఇంకో చోటు వెతుక్కోగలదు. నాలుగు కాళ్ల జీవికి మధ్యలో ప్రతి అడుగుకీ నేల కావాలి. కొల్లేరులో పక్షులు తిరిగొచ్చాయి కదా, ఇవీ వస్తాయిలే అని నాతో అన్న ప్రతివాళ్లకీ నేను చెబుతున్నది ఇదే.

కాలువలు కట్టేశాక

ధవళేశ్వరం నుంచి వచ్చే డెల్టా కాలువలకు ఏటా వేసవిలో నీళ్లు ఆపుతారు. చేలు ఎండుతాయి, పిల్ల కాలువల్లో నీళ్లుండవు. నీళ్లు మిగిలేవి డ్రెయిన్లలో, చెరువుల్లో మాత్రమే. జంతువులన్నీ అటే దగ్గరవుతాయి. జాడలు బాగా దొరికే కాలం ఇది, వాటికి మనుషులతో గొడవ వచ్చే కాలం కూడా ఇదే. ఇప్పుడు దొరికిన జాడల్ని చలికాలపు జాడలతో కలిపి "పెరిగాయి" అనకూడదు. పెరగలేదు, ఒకచోటికి జరిగాయి. మ్యాపును వేసవికి వేరే కాగితం మీద గీస్తున్నాం.

ఎండలకు పోటు నీరు డ్రెయిన్లలో బాగా లోపలికి ఎక్కుతోంది. శంకరగుప్తం డ్రెయిన్ వెంట కొబ్బరి చెట్లు ఉప్పుకు మొవ్వు వాలిపోయి చచ్చిన తోటలు చూశాం. రైతు కళ్లలో నీళ్లు చూశాక కెమెరా మాట ఎత్తడానికి నోరు రాలేదు. ఆ రోజు ఆయన తోట గురించే మాట్లాడి వచ్చేశాం.

సముద్రం ఇటు రావడం వెనక ఇంకో పెద్ద కారణం ఉంది. గోదావరి మోసుకొచ్చే ఒండ్రు 1970లలో ఏటా సుమారు 15 కోట్ల టన్నులు. 2000 తరవాతి సంవత్సరాల్లో అది 5.7 కోట్ల టన్నులకు పడిపోయిందని డెల్టా తీరం మీద పనిచేసిన పరిశోధకులు లెక్కకట్టారు. మిగతాది పైన ఆనకట్టల వెనక ఆగిపోతోంది. ఒండ్రు రాకపోతే డెల్టా ముందుకు పెరగదు, అలలు తినేస్తాయి. మామూలుగా సముద్రం లోపలికి వస్తే మడ అడవి కూడా మెల్లగా లోపలికి జరుగుతుంది. ఇక్కడ జరగడానికి వెనక చోటు లేదు, అక్కడ చెరువు గట్టు ఉంది.

జూన్

మృగశిర కార్తె వానలు పడ్డాయి, బురద మీద జాడలు నిలవడం లేదు. ఈ వ్యవధిలో మ్యాపు పట్టుకుని గట్ల యజమానులను కలుస్తున్నాం. అడిగేది చిన్నదే. గట్టుకు రెండు వైపులా చెక్కొద్దు, డ్రెయిన్ వైపు ఒక బారెడు జమ్ము వదిలెయ్యండి, ఒకే ఏడు అందరూ కలిసి కాల్చొద్దు. చెరువు వైపు మీ ఇష్టం. డ్రెయిన్ వైపు గుబురు ఉంటే వరద నీటికి గట్టు కోసుకుపోవడం తగ్గుతుంది. ఈ మాట రైతుకు నేను చెప్పనక్కర్లేదు, నాకంటే ఆయనకే బాగా తెలుసు.

పక్కపక్కన ఉన్న ముగ్గురు ఒప్పుకున్నారు. నాలుగో ఆయన ఒప్పుకోలేదు. "మాస్టారూ, జమ్ములో పాములుంటాయండి. రాత్రి మేత వెయ్యడానికి మా కుర్రాడు ఆ గట్టు మీదే నడవాలి." అది నిజం. ఆయన గట్టు దగ్గర అవతలి ఒడ్డు సర్కారుది, అక్కడ తుమ్మ, తుంగ ఉన్నాయి. దాన్ని అలాగే ఉంచమని డ్రెయిన్ల పనులు చూసే ఇంజనీర్లకు అర్జీ రాశాం. పూడిక తీసేటప్పుడు మట్టి ఒకే ఒడ్డున పొయ్యమని, రెండో ఒడ్డు ముట్టుకోవద్దని అందులో కోరాం.

మిగిలింది రోడ్డు. యానాం వంతెన దాటి ముమ్మిడివరం, అమలాపురం మీదుగా పోయే 216 జాతీయ రహదారి మా డ్రెయిన్లన్నిటినీ అడ్డంగా దాటుతుంది. డ్రెయిన్ దాటే ప్రతి చోటా కింద తూమో వంతెనో ఉంటుంది. కింద నీటి పక్కన నడవడానికి ఒక అడుగు మెట్ట ఉంటే పిల్లి కింద నుంచి పోతుంది, గోడ నుంచి గోడ దాకా నీళ్లే ఉంటే రోడ్డెక్కుతుంది అని మా ఊహ. దాన్ని పరీక్షించడానికి ఒక్కో తూమును కొలిచి ఫొటో తీస్తున్నాం. రోడ్డు మీద చచ్చిన జంతువు కనిపిస్తే ఫొటో, చోటు, తేదీ పంపమని పాల వ్యాన్ల డ్రైవర్లను, తెల్లవారుజామున తిరిగే ఆటో వాళ్లను అడిగాం. కెమెరాలన్నీ ఇప్పుడు విప్పి బ్యాటరీలు తీసి ఆరబెట్టాం. వానలు తగ్గగానే ఆ ముగ్గురి గట్ల మీద జతలుగా పెడతాం. నాలుగో ఆయన గట్టు ఎదుటి ఒడ్డున కూడా ఒక జత.